గడ్డి ఇవ్వరు, ఇటుకల లెక్క తగ్గించరు: సిరోంచ అక్కల చేతిలో ఫోను



పని కోసం ఫోను వాడేవారు సమయం వృథా చేయకుండా, మోసపోకుండా ఎలా ఉండాలో చెప్పే సలహాలు ఇప్పుడు ఎక్కడ చూసినా కనబడుతున్నాయి. ఫోనుకు తాళం పెట్టుకోండి, పాస్‌వర్డు ఎవరికీ చెప్పకండి, అక్కరలేని నోటిఫికేషన్లు ఆపేయండి, పని ఫోను వేరు, ఇంటి ఫోను వేరు ఉంచుకోండి అంటారు. మంచి మాటలే. మా యూత్ మీటింగుల్లో మేమూ ఇవే చెప్పాం.

అయితే ఈ సలహాలు ఎవరిని దృష్టిలో పెట్టుకొని రాశారో ఒక్కసారి ఆలోచించండి. నెల నెలా జీతం, కంపెనీ ఇచ్చిన ఫోను, ఆఫీసులో వైఫై, ఏదైనా పాడైతే బాగుచేసే ఒక విభాగం ఉన్న మనిషిని. గోదావరి ఒడ్డున సిరోంచ తాలూకాలో పనిచేసే అంగన్‌వాడీ అక్కకు, ఆశా అక్కకు, ఉపాధి పనుల దగ్గర హాజరు వేసే మేటుకు వీటిలో ఏదీ లేదు. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇంట్లో ఒకే ఫోను ఉంటే "పని ఫోను వేరుగా ఉంచుకోండి" అనే సలహా ఆమెకు ఎగతాళిలా వినబడుతుంది.

మేము చెప్పదలచింది దాచకుండా చెబుతాం. పనిముట్టు ఇవ్వకుండా పని అడగడం అన్యాయం. ఆ పనిముట్టులో చేరిన బీదల రహస్యాలను కాపాడే భారం కూడా ఆమె మీదే వేయడం అంతకన్నా పెద్ద అన్యాయం. ఈ అన్యాయంలో సర్కారుతో పాటు మన సంఘాలకూ భాగం ఉంది.

నదుల మధ్య ఊరు

సిరోంచ పేరు విననివారు మనలో చాలామంది ఉంటారు. కాళేశ్వరం వెళ్లినవారు మాత్రం దాన్ని చూసే ఉంటారు. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట ఇవతలి ఒడ్డున కాళేశ్వరం, అవతలి ఒడ్డున సిరోంచ. ఇంకా కిందికి పోతే సోమనూరు దగ్గర ఇంద్రావతి కూడా గోదావరిలో కలుస్తుంది. అక్కడ మహారాష్ట్ర, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ మూడూ ఒకదాన్నొకటి తాకుతాయి. బ్రిటిషువారి కాలంలో సిరోంచ ఒక జిల్లాకే కేంద్రం. ఈనాడు అది గడ్చిరోలి జిల్లాలో దక్షిణపు కొస. జిల్లా కేంద్రానికి పోవాలంటే రెండు వందల కిలోమీటర్లు దాటి అడవి దారిలో ప్రయాణం.

ఇంట్లో తెలుగు, బడిలో, కచేరీలో మరాఠీ, అడవి ఊళ్లలో గోండి, మాడియా. అక్కడ మెథడిస్టు మిషన్ పని మొదలై వందేళ్లు దాటింది. అంటే ఇది మనకు పరాయి ఊరు కాదు. అక్కడి విశ్వాసులు మనం పాడే పాటలే పాడతారు.

భారం ఒకచోట, లాభం మరోచోట అంటే ఏమిటో ఆ ఊరికి కొత్తగా చెప్పనక్కరలేదు. 2019లో ప్రారంభమైన మేడిగడ్డ బ్యారేజీ తెలంగాణ పొలాల కోసం కట్టింది. దాని వెనుక నీళ్లకు సిరోంచ రైతుల పొలాలు మునిగాయి. పరిహారం కోసం వారు ఏళ్ల తరబడి ధర్నాలు చేశారు. 2023 అక్టోబరులో ఆ బ్యారేజీ పిల్లర్లే కుంగిపోయాయి. ఇప్పుడు ఫోను విషయంలోనూ అదే పద్ధతి. లెక్కలు ఢిల్లీకి, ముంబైకి పోతాయి. ఖర్చు, భయం, తిట్లు ఊళ్లో ఉండే అక్కకు మిగులుతాయి.

ఒక అక్క ఉదయం

ఆ తాలూకాలో ఒక అంగన్‌వాడీ అక్కను మనసులో పెట్టుకుందాం. ఆమె పేరు మనకు అక్కరలేదు, ఇలాంటివారు చాలామంది ఉన్నారు.

పొద్దున్నే కేంద్రం తెరిచి ఊడ్చాలి. పిల్లల్ని పిలుచుకు రావాలి. వంట చూడాలి. బరువు తూయాలి, ఎత్తు కొలవాలి. అక్షరాలు దిద్దించాలి. ఇవన్నీ ఎప్పటినుంచో ఉన్న పనులే. 2021 మార్చిలో కేంద్ర ప్రభుత్వం పోషణ్ ట్రాకర్ అనే యాప్ తెచ్చింది. కేంద్రం తెరిచిన సంగతి, పిల్లల హాజరు, బరువు, ఎత్తు, ఎవరికి ఏ ఆహారం అందింది, ఇవన్నీ అందులో ఎక్కించాలి. 2025 జూలై 1 నుండి ఇంటికి తీసుకుపోయే ఆహార పొట్లం ఇవ్వాలంటే తల్లి ముఖాన్ని ఫోను కెమెరా గుర్తుపట్టాలి.

నెట్‌వర్క్ ఉంటే ఇది కొద్ది నిమిషాల పని. లేకపోతే? చక్రం తిరుగుతూనే ఉంటుంది. అక్క గట్టు మీదికో, చెరువు కట్ట మీదికో ఎక్కి ఫోను పైకెత్తి పట్టుకుంటుంది. చంకలో బిడ్డతో తల్లి ఎండలో నిలబడి ఉంటుంది. ఆమె ఆధార్‌కు ముడిపడిన నంబరు భర్త దగ్గర ఉంటుంది. భర్త మిరప కోతకు తెలంగాణ పోయి ఉంటాడు. ఓటీపీ ఆయన జేబులో మోగుతుంది, పొట్లం ఇక్కడ ఆగిపోతుంది. ఆ తల్లి కోపం ఎవరి మీద చూపిస్తుంది? యాప్ తయారుచేసినవారు ఆమెకు కనబడరు. కనబడేది అక్క ఒక్కతే.

సాయంత్రం ఇంటికి పోయాక గ్రూపులో మెసేజ్: ఈ రోజు మీ కేంద్రం లెక్క రాలేదు, వెంటనే ఎక్కించండి. రాత్రి తొమ్మిదికి కూడా మెసేజ్ వస్తుంది. ఫోను ఆమె కొడుకు చదువుకోవడానికి కావాలి. డేటా అయిపోయింది. రీఛార్జి ఆమె చీర కొంగులో ముడివేసిన డబ్బులోంచి పోతుంది.

ఆమె జీతమెంత? దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. కేంద్రం తన లెక్కలో నిర్ణయించినది 2018 అక్టోబరు నుండి నెలకు 4,500 రూపాయలు. మిగతాది రాష్ట్రం దయతలిచి కలపాలి. తమ వేతనం కోసమే మహారాష్ట్ర అంగన్‌వాడీ అక్కలు 2023 డిసెంబరు 4న సమ్మెకు దిగి 2024 జనవరి దాకా రోడ్ల మీద కూర్చున్నారు.

ఫోన్లు తిరిగి ఇచ్చేసిన రోజులు

"వారికి సర్కారు ఫోన్లు ఇచ్చింది కదా" అంటారు కొందరు. ఇచ్చింది. 2021 ఆగస్టులో మహారాష్ట్ర అంతటా అంగన్‌వాడీ అక్కలు ఆ ఫోన్లను మూటగట్టి ఆఫీసుల్లో అప్పజెప్పారు. ఎందుకు? మెమరీ చాలదు, వేడెక్కి ఆగిపోతుంది, యాప్ తెరుచుకోదు, చెడిపోతే బాగుచేయించుకునే ఖర్చు వారిదే. పైగా యాప్ ఇంగ్లీషులో ఉంది. మరాఠీలో ఇవ్వండని అడిగినందుకు వారిని పని ఎగ్గొట్టేవారిలా చూశారు. తర్వాత యాప్‌లో మన భాషలు చేర్చారు. అది ఎవరో కరుణించి ఇచ్చింది కాదు, వారు కొట్లాడి తెచ్చుకున్నది. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో మరాఠీ చదివిన సిరోంచ అక్కకు ఇంగ్లీషు యాప్ ఎన్ని మెట్ల దూరమో లెక్కవేయండి.

ఇదే గడ్చిరోలి జిల్లా లోకానికి ఒక పాఠం నేర్పింది. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ స్థాపించిన సర్చ్ సంస్థ 39 గ్రామాల్లో ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ పోయి పసికందులను చూసుకునేలా చేసింది. మొదటి నెలలోనే చనిపోయే శిశువుల సంఖ్య 62 శాతం తగ్గిందని 1999లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించింది. ఆ పద్ధతే 2011 నుండి దేశమంతటా ఆశా అక్కల పని అయింది. ఆ ఆడవాళ్ల చేతిలో ఉన్నది ఒక సంచి, తూకం, థర్మామీటరు, కాగితం. వారి వెనుక శిక్షణ ఇచ్చి, తప్పు చేస్తే సరిదిద్దే మనుషులు ఉన్నారు. పని ఫలించేది అలాంటి తోడు ఉన్నప్పుడే. ఇవాళ పర్యవేక్షణ అంటే స్క్రీను మీద ఎర్ర గుర్తు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఆశా అక్కలకు అవార్డు ఇచ్చి గౌరవించింది. అవార్డు గోడకు తగిలించుకోవచ్చు, దానితో రీఛార్జి కాదు.

ఫరో ఆజ్ఞ

నిర్గమకాండము ఐదవ అధ్యాయం మనకు బాగా తెలుసు. ఇశ్రాయేలీయులు ఇటుకలు చేసేవారు. ఫరో వారికి గడ్డి ఇవ్వడం మానేశాడు. గడ్డి మీరే ఏరుకోండి, ఇటుకల లెక్క మాత్రం ఒక్కటి కూడా తగ్గకూడదు అన్నాడు. లెక్క తగ్గినప్పుడు దెబ్బలు తిన్నది మధ్యలో నిలిపిన ఇశ్రాయేలు నాయకులు. వారు మొరపెట్టుకుంటే వచ్చిన జవాబు ఒకటే: మీరు సోమరులు.

ఈ కథను మోషే ధైర్యం కోసం ప్రసంగిస్తాం, గడ్డి సంగతి వదిలేస్తాం. ఫోను, డేటా, ఛార్జింగు, సిగ్నలు, ఇవే ఈనాటి గడ్డి. వాటిని ఏరుకోవడానికి ఆమె సమయం పోతుంది, డబ్బు పోతుంది. లెక్క తగ్గితే నోటీసు ఆమెకే. ఉత్పాదకత పెంచుకోండి అనే మాట ఆమెకు చెప్పేవారు ఆ గడ్డి ఎవరివ్వాలో ముందు చెప్పాలి.

ఇతర దేశాల్లో ఈ ప్రశ్న అడిగారు. కాలిఫోర్నియాలో 2014లో ఒక అప్పీలు కోర్టు, ఉద్యోగి తన సొంత ఫోనును పనికోసం వాడక తప్పనప్పుడు ఆ బిల్లులో న్యాయమైన భాగం యజమాని ఇవ్వాలని తీర్పు చెప్పింది. అక్కడ ఉన్న మన తెలుగు పిల్లలకు ఈ హక్కు ఉంది. పనివేళ దాటాక ఆఫీసు మెసేజ్‌లకు జవాబివ్వకుండా ఉండే హక్కును ఫ్రాన్సు 2017లో, ఆస్ట్రేలియా 2024లో చట్టంలో పెట్టాయి. మహారాష్ట్ర ఎంపీ సుప్రియా సూలే అలాంటి బిల్లును లోక్‌సభలో పెట్టారు, అది చట్టం కాలేదు. విశ్రాంతి దినం దేవుడు దాసునికీ దాసికీ కూడా ఇచ్చాడు. పరదేశికి, ఎద్దుకు కూడా ఇచ్చాడు. అంగన్‌వాడీ అక్కకు ఆదివారం రాత్రి గ్రూపు మెసేజ్ పంపే అధికారం ఎవరిచ్చారు?

"యాప్ లేకపోతే దొంగలెక్కలు రాస్తారు"

ఇది ఎప్పుడూ వినబడే మాట. దీనికి జవాబు చెప్పకుండా దాటిపోము. దొంగలెక్కలు ఉన్నాయి. పిల్లల తిండి మేసినవారు ఉన్నారు. బీదల కూడు దొంగిలించేవాడిని పట్టుకోవాలని మేమూ కోరుతున్నాం. ఫోను వద్దు అనడం లేదు. 2022 జూలైలో గోదావరి పొంగి సిరోంచ ఊళ్లు మునిగినప్పుడు ఫోను ఎంత విలువైనదో అందరూ చూశారు. బరువు తగ్గుతున్న బిడ్డను ముందే గుర్తించడానికి మంచి యాప్ సాయపడుతుంది.

కానీ నిఘా పెడితే దొంగతనం ఆగుతుందా? ఉపాధి హామీ పనుల్లో ఏం జరిగిందో చూద్దాం. 2023 జనవరి 1 నుండి అన్ని పనుల దగ్గరా మొబైల్ యాప్‌లోనే హాజరు వేయాలని, రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో ఎక్కించాలని కేంద్రం ఆదేశించింది. సిగ్నలు లేక ఫొటో ఎక్కనిచోట చెమటోడ్చిన కూలీకి ఆ రోజు హాజరు పోయింది. హాజరు పోతే కూలి పోయింది. దొంగలు ఆగారా? 2025 జూలైలో ఆ మంత్రిత్వ శాఖే రాష్ట్రాలకు ఒక ఉత్తరం రాసింది. పనికి సంబంధంలేని ఫొటోలు, ఫొటోను చూసి తీసిన ఫొటోలు ఎక్కిస్తున్నారని అందులో ఒప్పుకుంది. దొంగ దారి వెతుక్కున్నాడు, దెబ్బ నిజంగా పనిచేసిన కూలీకి తగిలింది. గ్రామసభలో జాబితా చదివి వినిపించే సామాజిక తనిఖీ దొంగను ఊరి ముందు నిలబెడుతుంది. దానికి కావలసింది సిగ్నలు కాదు, ధైర్యం.

ఆ ఫోనులో ఎవరి రహస్యాలున్నాయి?

ఇక భద్రత సంగతి. ఆ ఫోనులో ఉన్నవి అక్క సొంత ఫొటోలు మాత్రమే కాదు. ఏ ఇంట్లో ఎవరు గర్భవతి, ఎన్నో కాన్పు, ఏ బిడ్డ బలహీనంగా ఉంది, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, తల్లి ముఖం, అన్నీ ఉన్నాయి. ప్రధానమంత్రి మాతృవందన యోజన కింద మొదటి కాన్పుకు 5,000 రూపాయలు వస్తాయని మోసగాళ్లకు తెలుసు. "అంగన్‌వాడీ ఆఫీసు నుండి మాట్లాడుతున్నాం, మీ డబ్బు వచ్చింది, ఓటీపీ చెప్పండి" అని బాలింతకు ఫోను చేస్తారు. బిడ్డ పేరు కూడా చెబితే ఏ తల్లి నమ్మకుండా ఉంటుంది?

గడ్చిరోలిలో ఈ భయం ఇంకో రకంగానూ ఉంది. ఏళ్ల తరబడి అక్కడ ఫోను పట్టుకొని ఊరూరు తిరిగే మనిషిని ఇరువైపులా అనుమానించారు. ఇన్‌ఫార్మర్ అన్న ముద్రతో మావోయిస్టులు గ్రామస్తులను చంపారు. 2025 అక్టోబరులో మల్లోజుల వేణుగోపాలరావు తన అనుచరులతో గడ్చిరోలిలో ఆయుధాలు అప్పగించాక ఆ భయం తగ్గుతోందని అంటున్నారు. తగ్గాలని మా ప్రార్థన. అయినా ఫొటోతో పాటు చోటును కూడా నమోదుచేసే యాప్‌ను ఆడమనిషి చేతిలో పెట్టి ఆ అడవి దారిలో పంపినవారు, ఆమె ప్రాణానికి ఏం పూచీ ఇచ్చారు?

చట్టం ఉందా అంటే ఉంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు ఇచ్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. సమాచారాన్ని కాపాడలేని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అంటుంది. అదే చట్టం సర్కారు తన సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే వీలూ పెట్టింది. పెద్దవాడు తలుపు తీసుకొని బయటపడతాడు. చెరువు కట్ట మీద నిలబడిన అక్కకు ఏ తలుపూ లేదు.

షిఫ్రా, పూయా అనే మంత్రసానులను గుర్తు చేసుకోండి. ఏ ఇంట్లో మగబిడ్డ పుట్టాడో కనిపెట్టి చంపమని రాజు ఆజ్ఞాపించాడు. వారు దేవునికి భయపడి ఆ పని చేయలేదు. ప్రసవమైన ఇంటి రహస్యాన్ని కాపాడినందుకు దేవుడు వారికి మేలు చేశాడు. అంగన్‌వాడీ, ఆశా అక్కలు ఆ మంత్రసానుల వరుసలోనివారు. వారి చేతిలోని రహస్యం పవిత్రమైనది.

మా తప్పు కూడా చెప్పాలి

సర్కారును వేలెత్తి చూపి ఊరుకుంటే మేము పరిసయ్యులమవుతాం. మా సొంత సంగతి చెబుతాం. కొన్నేళ్ల కిందట మా ప్రార్థన గ్రూపులో ఒక యౌవన విధవరాలి పేరు, ఊరు, ఆమెకున్న హెచ్‌ఐవీ సంగతి రాసి, దయచేసి ప్రార్థించండి అని పెట్టాం. మంచి మనసుతోనే పెట్టాం. రెండు రోజుల్లో ఆ మెసేజ్ ఆమె ఊరికి చేరింది. బోరింగు దగ్గర ఆమె బిందె పక్కకు జరిపారు. ఆమె ఆరాధనకు రావడం మానేసింది. మేము ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాం. ఆమె తలుపు తీసింది, కూర్చోమంది, మంచినీళ్లిచ్చింది. గుడికి మాత్రం మళ్లీ రాలేదు.

2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఒకరి అనుమతి లేకుండా వారి స్థితిని బయటపెట్టకూడదని మాకు తర్వాత తెలిసింది. చట్టం తెలియకపోయినా ప్రేమ తెలిసి ఉండవలసింది.

ఇది మా ఒక్కరి తప్పు కాదు. హాస్టలు పిల్లల ఫొటోలు పేర్లతో సహా దాతలకు పంపే సంస్థలు మనలో లేవా? సువార్తికుని సొంత ఫోనులో సంఘం లెక్కలన్నీ పెట్టించి, అర్ధరాత్రి రిపోర్టు అడిగే పెద్దలు లేరా? బైబిలు స్త్రీకి రీఛార్జి డబ్బు ఇవ్వకుండా రోజూ ఫొటోలు అడిగే మిషన్లు లేవా? ఫరో రాజభవనంలోనే ఉంటాడనుకోవద్దు, మన కమిటీ గదిలోనూ కుర్చీ వేసుకొని కూర్చుంటాడు.

ఏం అడగాలి, ఏం చేయాలి

సర్కారును మేము అడిగేవి ఇవి. పని ఫోనులో అయితే పనికివచ్చే ఫోను, డేటా, మరమ్మతు ఖర్చు సర్కారే ఇవ్వాలి. సిగ్నలు లేనిచోట కాగితం రిజిస్టరును చెల్లుబాటుగా ఒప్పుకోవాలి. ముఖం గుర్తుపట్టలేదని ఏ బిడ్డకూ పొట్లం ఆపకూడదు. యాప్, దాని శిక్షణ ఊరి భాషలో ఉండాలి. పనివేళ దాటాక మెసేజ్‌లు ఆపాలి. డేటా బయటికి పోతే ఊరి అక్కను కాక, దాన్ని కూడబెట్టినవారిని నిలదీయాలి. అంగన్‌వాడీ అక్కలకు గ్రాట్యుటీ ఇవ్వాలని 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు చెప్పింది. గ్రాట్యుటీ హక్కున్న మనిషి స్వచ్ఛంద సేవకురాలు ఎలా అవుతుంది? ఆమెను ఉద్యోగిగా గుర్తించాలి.

సంఘాలు చేయవలసింది: పనికి ఫోను వాడే ప్రతి సేవకునికీ రీఛార్జి డబ్బు ఇవ్వండి. రోగుల పేర్లు గ్రూపుల్లో రాయకండి. పేరు లేకుండా ప్రార్థిస్తే దేవునికి తెలియదా? పిల్లల ఫొటోలు, వివరాలు బయటికి పంపేముందు తల్లిదండ్రులను అడగండి, వద్దంటే మానండి.

యౌవనులారా, ఇది మీకు దేవుడిచ్చిన పని. మీ ఊరి అంగన్‌వాడీకి, ఆశా అక్క ఇంటికి ఒక శనివారం వెళ్లండి. పాఠం చెప్పడానికి వెళ్లకండి, తోడుగా కూర్చోండి. ఫోనుకు తాళం, సిమ్ముకు పిన్ పెట్టించండి. యాప్ ప్లే స్టోర్ నుండి తప్ప లింకు నొక్కి దింపుకోవద్దని చూపించండి. ఎక్కించాక గ్యాలరీలో మిగిలిన తల్లుల, పిల్లల ఫొటోలు తుడిచేయడం నేర్పండి. లెక్క ఎక్కనప్పుడు తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి ఉంచమనండి, రేపు నోటీసు వస్తే అదే ఆమె సాక్ష్యం. ఓటీపీ అడిగే ఏ ఆఫీసరూ నిజమైన ఆఫీసరు కాడని బాలింతలకు చెప్పండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. ఫోను పోతే సంచార్ సాథీలో దాన్ని బ్లాక్ చేయించవచ్చు. ఇవి చిన్న పనులు. వీటితో అన్యాయం పోదు, కానీ అక్క ఒంటరి కాదని ఆమెకు తెలుస్తుంది. ఆమె యూనియన్ ధర్నాకు కూర్చున్న రోజు మీరూ పక్కన కూర్చోండి.

ఫరో దగ్గర మొరపెట్టుకున్న ఇశ్రాయేలు నాయకులు తిరిగి వస్తూ మోషేనే నిందించారు. మీ వల్లే మాకు ఈ కష్టం వచ్చిందన్నారు. మోషే వారి మీద కోప్పడలేదు, దేవుని దగ్గరికి పోయి ఎందుకిలా అని అడిగాడు. సిరోంచ అక్కల మాటను మనమూ ముందు వినాలి, తర్వాత వారి పక్షాన నిలబడి అడగాలి. పోయే వారం మీ సంఘంలో ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టండి: మన పని కోసం ఎవరి ఫోను వాడుతున్నాం, ఆ రీఛార్జి ఎవరు కడుతున్నారు?